డేటాబేస్ చదువు వ్యాపారం దగ్గర మొదలు కావాలి

ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న వారిలో ఎంప్, డెప్ట్ అనే రెండు టేబుళ్లు తెలియనివారు అరుదు. స్కాట్ అనే యూజర్ పేరుతో, టైగర్ అనే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే ఒకదానిలో 14 మంది ఉద్యోగులు, మరొకదానిలో 4 విభాగాలు కనిపించేవి. ఎక్కువ జీతం ఎవరిది, రెండో ఎక్కువ జీతం ఎవరిది, విభాగం వారీగా మొత్తం ఎంత అనే ప్రశ్నలకు ఆ 14 వరుసల నుంచి జవాబులు రాబట్టడం నేర్చుకుని అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నుంచి ఎందరో ఉద్యోగాల్లోకి వెళ్లారు. డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్, దాని ఆదేశాలు నేర్పడానికి ఆ టేబుళ్లు బాగా పనికొస్తాయి, అందులో సందేహం లేదు. అయితే ఉద్యోగి అంటే ఎవరు, ఒక మనిషి రెండు విభాగాల్లో పనిచేస్తే ఏం చేయాలి, ఒకే పేరు రెండు విధాలుగా రాసి ఉంటే ఎలా అన్న నిర్ణయాలన్నీ వాటిలో ముందే ఎవరో తీసేసుకున్నారు. విద్యార్థికి మిగిలింది ప్రశ్న అడగడమే. వ్యాపారంలో డేటా దెబ్బతినేది సరిగ్గా ఆ నిర్ణయాల దగ్గర.

మన రెండు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ చదివే విద్యార్థులకు డేటాబేస్ ఒక పాఠ్యాంశంగా ఉంది. వారిలో ఎక్కువ మంది ప్రోగ్రామర్లు కారు. అకౌంట్స్ విభాగంలోనో, గిడ్డంగిలోనో, ఆడిటర్ కార్యాలయంలోనో, సొంత దుకాణంలోనో పనిచేస్తారు. వారికి నేర్పవలసిన మొదటి విషయం ఆదేశాల వరుస కాదని, ఒక టేబుల్‌లోని ఒక వరుస లోకంలో దేనికి గుర్తు అనే ప్రశ్నను గట్టిగా అడగడమని నా అభిప్రాయం. ఆ ప్రశ్న చూడటానికి తేలికగా ఉంటుంది. జవాబు చెప్పబోతే ఎంత కష్టమో తెలుస్తుంది.

ఖాతాదారుల జాబితానే తీసుకుందాం. పాశ్చాత్యుల పేర్లను బట్టి తయారైన సాఫ్ట్‌వేర్లలో మొదటి పేరుకు ఒక గడి, చివరి పేరుకు ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు ఆ గడుల్లో ఇమడదు. ఒక గుమస్తా ఇంటిపేరును మొదటి గడిలో రాస్తాడు, మరొకరు చివరి గడిలో రాస్తారు, ఇంకొకరు పొడి అక్షరంగా మార్చి పేరుకు అతికిస్తారు. ఇంగ్లిషు అక్షరాల్లో శ్రీనివాస్‌ను, లక్ష్మిని, చౌదరిని ఎన్ని రకాలుగా రాయవచ్చో అందరికీ తెలిసిందే. ఫలితంగా ఒకే మనిషి జాబితాలో మూడు చోట్ల ఉంటాడు, మూడు చోట్లా అతడి బాకీ వేరువేరుగా ఉంటుంది. అందుకే చాలా దుకాణాలు మొబైల్ నంబరునే గుర్తుగా పెట్టుకుంటాయి. అదీ నిలకడైనది కాదు. ఇంటిల్లిపాదీ ఒకే నంబరు ఇస్తారు. రద్దయిన నంబరును 90 రోజులు దాటాక టెలికాం సంస్థలు మరొకరికి కేటాయించవచ్చు, అప్పుడు కొత్త మనిషి పాత మనిషి ఖాతాలోకి వచ్చి కూర్చుంటాడు. ఈ కారణంగానే డేటాబేస్ నిపుణులు ఖాతాదారుకు అర్థమేమీ లేని ఒక సొంత సంఖ్యను కేటాయించి, పేరును, ఫోనును మారగలిగే వివరాలుగా మాత్రమే చూడమంటారు. ప్రతి వరుసను వేరుగా గుర్తించే ఇలాంటి సంఖ్యను ప్రైమరీ కీ అంటారు. ఆ పాఠాన్ని నిర్వచనంగా బట్టీ పట్టించడానికీ, ఈ చిక్కులన్నీ చూపించి నేర్పడానికీ చాలా తేడా ఉంది.

సంస్థల విషయంలో ఇది మరో మలుపు తిరుగుతుంది. 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ శాఖలున్న ఒక టోకు వ్యాపారికి రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి, వాటి లోపల పాన్ మాత్రం ఒక్కటే. మరి ఆ వ్యాపారి మన జాబితాలో ఒకరా, ఇద్దరా? పన్ను లెక్కకు ఇద్దరు. ఎంతవరకు అప్పు ఇవ్వవచ్చు అన్న లెక్కకు ఒక్కరే. కాబట్టి సంస్థకు ఒక టేబుల్, దాని రిజిస్ట్రేషన్లకు మరో టేబుల్ ఉండాలి. ఈ నిర్ణయాన్ని ఏ పుస్తకమూ ముందుగా చెప్పలేదు, వ్యాపారం తెలిసినవారే చెప్పగలరు. వాణిజ్యశాస్త్ర విద్యార్థి డేటాబేస్ పాఠంలో వెనకబడి ఉంటాడన్న అభిప్రాయం నాకు సరైనదిగా అనిపించకపోవడానికి ఇదే కారణం.

మారిపోయే వాస్తవాలను ఎలా భద్రపరచాలన్నది ఇంతకన్నా లోతైన సమస్య, దానికి మన దగ్గరున్నంత మంచి ఉదాహరణ వేరే చోట దొరకడం కష్టం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. హనుమకొండలో ఒకే ఇంట్లో ఉంటున్న ఖాతాదారు చిరునామా 2015లో వరంగల్ జిల్లా, 2017లో వరంగల్ అర్బన్, 2022లో హనుమకొండ జిల్లా. ఆయన ఇల్లు కదల్లేదు. 2021లో వరంగల్ రూరల్ పేరు మార్చి వరంగల్ అన్నారు కనుక, పాత రికార్డులోని వరంగల్ జిల్లా ఒక ప్రాంతం, కొత్త రికార్డులోని వరంగల్ జిల్లా ఇంకో ప్రాంతం. జిల్లా పేరును ప్రతి బిల్లులోనూ అక్షరాలుగా టైపు చేసుకుంటూ పోయిన సంస్థ పదేళ్ల అమ్మకాలను జిల్లాల వారీగా పోల్చి చూస్తే, వరంగల్‌లో వ్యాపారం ఒక్కసారిగా కుప్పకూలినట్టు అంకెలు చెబుతాయి. ఆ అంకెలు చూసి అక్కడి అమ్మకాల సిబ్బందిని నిలదీసే యజమాని కూడా ఉండవచ్చు.

దీనికి విరుగుడు చాలాకాలంగా తెలిసినదే. ఊరిని ఒక టేబుల్‌లో, జిల్లాలను మరో టేబుల్‌లో ఉంచి, ఏ ఊరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో ఉందో మూడో టేబుల్‌లో రాసుకుంటే, 2015 నాటి లెక్కను నేటి జిల్లాల్లోనూ నేటి లెక్కను నాటి జిల్లాల్లోనూ చూడవచ్చు. ఒక వాస్తవాన్ని ఒకే చోట రాయాలన్న ఈ క్రమశిక్షణకు ఎడ్గర్ కాడ్ 1970లో ఐబీఎంలో ఉండగా ప్రచురించిన పరిశోధన పత్రం పునాది వేసింది. చాలామంది కలిసి వాడుకునే పెద్ద డేటా నిల్వల గురించి ఆయన ఆలోచించాడు. అమ్మకాల విభాగం, గిడ్డంగి, అకౌంట్స్ ఒకే వాస్తవాన్ని మూడు చోట్ల రాసుకుంటే ఏదో ఒక రోజు మూడూ మూడు మాటలు చెబుతాయి. అలా జరగకుండా టేబుళ్లను విడదీసే పద్ధతే నార్మలైజేషన్. ఆ మాట వినగానే విద్యార్థులు బెదిరిపోతారు గానీ, ఈ వరంగల్ ఉదాహరణ ముందు చెప్పి తర్వాత ఆ నియమాలు చెబితే అవి ఎందుకు పుట్టాయో వారికే అర్థమవుతుంది.

క్వెరీలు, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు, రాసే పని ఇప్పుడు కృత్రిమ మేధ చాలావరకు చేస్తోంది కదా, ఇంకా ఈ చదువు ఎందుకు అని అడిగేవారు ఉన్నారు. ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణాన్ని ఊహించండి. ఒక రైతు పేరిట 9,000 రూపాయల బిల్లు ఉంది, అందులో 4,000, 3,000, 2,000 రూపాయల విలువగల మూడు సరుకులు ఉన్నాయి. పంట చేతికి వచ్చాక ఆయన 5,000 ఒకసారి, 4,000 ఒకసారి కట్టి బాకీ తీర్చాడు. సరుకుల టేబుల్‌ను, చెల్లింపుల టేబుల్‌ను బిల్లు నంబరు ఆధారంగా ఒకేసారి కలిపితే మూడు రెళ్లు ఆరు వరుసలు వస్తాయి. వాటిని కూడితే అమ్మకం 18,000 అనీ, వసూలు 27,000 అనీ తేలుతుంది. క్వెరీలో వ్యాకరణ దోషం లేదు, కంప్యూటర్ ఎక్కడా ఆగదు, తప్పు అని ఎర్ర అక్షరాలూ రావు. సరుకు వరుస, చెల్లింపు వరుస వేరువేరు విషయాలకు గుర్తులని తెలిసిన మనిషి మాత్రమే ఆ అంకె చూసి అనుమానిస్తాడు. యంత్రం రాసిచ్చే క్వెరీలు పెరిగేకొద్దీ అలా అనుమానించగల మనుషుల అవసరం పెరుగుతుంది. ఈ నైపుణ్యాన్ని పరీక్షించే ప్రశ్నలు మన పరీక్షల్లో తగినన్ని లేకపోవడం నన్ను కలవరపెడుతోంది.

ఎక్సెల్ గురించి ఒక్క మాట. చిన్న వ్యాపారానికి అది మంచి సాధనమే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ 2020 అక్టోబరులో ఇంగ్లండ్ ప్రజారోగ్య యంత్రాంగం పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్ల 65,536 వరుసల పరిమితి వల్ల 15,841 కోవిడ్ కేసులను రోజువారీ లెక్కల్లో చేర్చలేకపోయింది. ఆ రోగులను కలిసినవారిని అప్రమత్తం చేసే పని కూడా అందువల్ల ఆలస్యమైంది. పరిమితి దాటిన వరుసలు చప్పుడు లేకుండా రాలిపోయాయి. డేటాబేస్ అయితే చేరని వరుసను చేరలేదని చెప్పేది.

వాణిజ్య విద్యార్థికి డేటాబేస్ ఆలోచన కొత్తది కాదని చెప్పడానికి చిట్టా, ఆవర్జా చాలు. చిట్టాలో ఏ రోజు పద్దు ఆ రోజు పడుతుంది, ఆవర్జాలో అది ఖాతా వారీగా చేరుతుంది. పద్దు తప్పు పడితే చెరిపేయరు, దిద్దుబాటు పద్దు వేస్తారు. సరిగ్గా ఇదే సూత్రం గిడ్డంగి నిల్వకు వర్తిస్తుంది. నిల్వ 40 అని ఒక గడిలో రాసి, అమ్మినప్పుడల్లా దాన్ని కొట్టేసి కొత్త అంకె వేస్తే, ఒక రోజు లెక్క తప్పినప్పుడు ఎందుకు తప్పిందో చెప్పే ఆధారం మిగలదు. వచ్చింది, అమ్మింది, తిరిగి వచ్చింది, పాడైంది అని ప్రతి కదలికనూ విడి వరుసగా రాసి, నిల్వను వాటి నుంచి లెక్కకట్టుకుంటే ఆధారం ఎప్పుడూ చేతిలో ఉంటుంది. చట్టం కూడా ఈ దారిలోనే నడుస్తోంది. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లావాదేవీకీ, దానిలో చేసిన ప్రతి మార్పుకూ తేదీతో సహా జాడ నిలవాలని, ఆ జాడను ఆపివేసే వీలు ఉండకూడదని చెప్పే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, అవసరం తీరాక మనిషి వివరాలను తొలగించే బాధ్యతను సంస్థల మీద పెట్టింది, ఉల్లంఘన రకాన్ని బట్టి 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలు కల్పించింది. ఒక ఖాతాదారు వివరాలు ఎన్ని ఫైళ్లలో, ఎన్ని పేర్లతో ఉన్నాయో తెలియని సంస్థ వాటిని తొలగించగలదా?

సాధనాలకు ఇప్పుడు కొరత లేదు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. మారవలసింది బోధన క్రమం. మొదటి కొన్ని వారాలు కంప్యూటర్ ముట్టుకోకుండా, ఒక మందుల దుకాణం నెల రోజుల బిల్లులు, కొనుగోలు రసీదులు తరగతిలో పెట్టుకోవాలి. కొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు అంతకుముందే చెరిపేయాలి. ఒకే మందు రెండు బ్యాచులుగా వచ్చి, రెండు గడువు తేదీలతో, రెండు ధరలకు అమ్ముడైతే ఆ దుకాణం సరుకుల టేబుల్‌లో ఒక వరుస దేన్ని సూచించాలో కాగితం మీద తేల్చుకోవాలి. పరీక్షలో నార్మలైజేషన్ నియమాల్లో ఒకటైన మూడో నార్మల్ ఫామ్ నిర్వచనం అడిగే చోట, చిందరవందరగా ఉన్న ఇరవై బిల్లులు ఇచ్చి టేబుళ్లు గీయమనాలి, ప్రతి టేబుల్ ఎందుకు విడిగా ఉందో రాయమనాలి. ఆ జవాబు పత్రాన్ని కంప్యూటర్ అధ్యాపకులు, అకౌంటింగ్ అధ్యాపకులు కలిసి దిద్దాలి, టేబుళ్ల సంఖ్య కన్నా వాటిని సమర్థించిన కారణాలకే ఎక్కువ మార్కులు వేయాలి.