చెట్టు వంకరగా ఉన్నా పర్లేదు, చుక్కలు మాత్రం పిల్లలవే కావాలి

పోయిన డిసెంబరులో మా చిన్నది ప్లే స్కూల్ నుంచి ఒక క్రిస్మస్ చెట్టు తెచ్చింది. మందపాటి కాగితం మీద ముక్కోణం చెట్టు, అందులో పైనుంచి కిందికి వరసలుగా 21 సున్నాలు, ఒక్కో సున్నాకి సరిగ్గా నడిమధ్యన డాట్ మార్కర్‌తో పెట్టిన ఒక చుక్క. ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు. ఒక్కటంటే ఒక్క చుక్క కూడా గీత దాటలేదు. కింద అందమైన అక్షరాల్లో పాప పేరు. అప్పటికి దానికి రెండేళ్ల రెండు నెలలు.

"ఎంత బాగుందో! చుక్కలన్నీ నువ్వే పెట్టావా?" అని అడిగాను. కాగితం వంక చూసింది, నా వంక చూసింది. "మేడమ్ పెట్టింది" అంది. మరి నువ్వేం చేశావమ్మా అంటే, కింద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూపించింది. అలా కూర్చుందట.

ఆ ఒళ్ళో చేతులు ఏడాదిగా నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. మళ్ళీ క్రిస్మస్ వస్తోంది, మళ్ళీ ఆ షీట్లు ప్రింటవుతాయి, అందుకే ముందే రాస్తున్నాను. ఆ మేడమ్‌ని తప్పుపట్టడానికి కాదు. గదినిండా పిల్లలు, సాయంత్రానికల్లా అందరి చేతిలో చూడచక్కని కాగితం ఒకటి ఉండాలి, లేకపోతే "మా పిల్లకేం నేర్పడం లేదు" అనేది మనమే. ఫోటో తీసి గ్రూపులో పెట్టుకోవడానికి పనికొచ్చే బొమ్మ కావాలన్నది మనమే. మనం అడిగిందే ఇంటికొచ్చింది.

డాట్ మార్కర్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ళ కోసం చెప్తాను. చిన్న బొద్దు సీసా, లోపల నీళ్ళ రంగు, మూతి దగ్గర గుండ్రటి స్పాంజ్. తలకిందులుగా పట్టుకుని కాగితం మీద నొక్కితే సుమారు రెండు సెంటీమీటర్ల గుండ్రటి చుక్క పడుతుంది. గీయక్కర్లేదు, రుద్దక్కర్లేదు, బ్రష్ ముంచక్కర్లేదు. పెద్దవాళ్ళు బింగో ఆడేటప్పుడు అంకెల మీద గుర్తు పెట్టుకునే మార్కర్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

ఈ వస్తువు చిన్నపిల్లలకి ఎందుకంత బాగా కుదిరిందంటే, అది వాళ్ళ చేతికి సరిపోయే వస్తువు కాబట్టి. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు ఏది పట్టుకున్నా పిడికిలితో పట్టుకుంటారు. మన దగ్గరున్న క్రేయాన్ ఆ పిడికిలికి చాలా సన్నం. బలం కూడా వేళ్ళలోంచి రాదు, భుజంలోంచి వస్తుంది. భుజం ముందు కుదురుతుంది, తర్వాత మోచెయ్యి, తర్వాత మణికట్టు, వేళ్ళు ఆఖర్న. పెన్సిల్ని మూడు వేళ్ళతో పట్టుకోవడం చాలామందికి నాలుగేళ్ల అటూ ఇటూ గానీ రాదు. డాట్ మార్కర్ మాత్రం పిడికిలికి నిండుగా దొరుకుతుంది, భుజం బలంతో నొక్కితే చాలు, పడాల్సింది పడుతుంది. రోడా కెలాగ్ అని ఒకావిడ చిన్నపిల్లల బొమ్మలు లక్షల్లో సేకరించి, వాళ్ళ గీతల్లో 20 మూల రూపాలున్నాయని చెప్పారు. ఆ వరసలో మొట్టమొదటిది చుక్కే. చేతిలో ఉన్నదానితో కాగితాన్ని ఒక్క పోటు పొడవడం. ఇంకెవరి సాయమూ లేకుండా పిల్లలు పెట్టగలిగిన తొలి గుర్తు అది.

ఆ ఒక్కదాన్ని కూడా మనం వాళ్ళ చేతిలోంచి లాక్కుంటే ఎలా?

అసలు ఆ షీట్లలోనే తిరకాసుంది. మార్కర్ మూతి ఎంత వెడల్పో, షీట్ మీద సున్నా కూడా దాదాపు అంతే వెడల్పు. అంటే వెంట్రుకవాసి పక్కకి జరిగినా గీత దాటినట్టే. పైగా సీసా లావుగా ఉంటుంది కాబట్టి దించేటప్పుడు సున్నా దాని కిందే దాక్కుంటుంది, ఎక్కడ పడుతుందో కనపడదు. మీరు ఒకసారి ప్రయత్నించి చూడండి, పెద్దవాళ్ళకే పది చుక్కల్లో రెండు మూడు పక్కకి పోతాయి. రెండేళ్ల పిల్ల ముందు అలాంటివి 21 పెట్టి "బయటికి పోకూడదు" అంటే, ఇక చెయ్యి పట్టుకుని పెట్టించడం తప్ప దారి లేదు. చెయ్యి పట్టుకుని పెట్టించిన చుక్క ఆ పిల్లది కాదు.

ఆ షీట్ వచ్చిన వారం, ఒక ఆదివారం పొద్దున పెద్ద కాగితం నేలకి టేపుతో అంటించాను. దాని మీద లావు గీతతో చెట్టు ఆకారం ఒక్కటే గీశాను, లోపల సున్నాల్లేవు. ఆకుపచ్చ మార్కర్ ఒక్కటే చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. మొదటి చుక్క పెట్టి మార్కర్ ఎత్తింది. కాగితం మీది చుక్కని చూసింది, మార్కర్ తిప్పి మూతిని చూసింది, మళ్ళీ చుక్కని చూసింది. వేలితో ముట్టుకుంది. వేలు ఆకుపచ్చగా అయింది. ఆ వేలు పక్కన కాగితానికి అద్దితే అక్కడ ఇంకో చిన్న చుక్క పడింది. ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత మొదటి చుక్క మీదే మళ్ళీ నొక్కింది. మళ్ళీ, మళ్ళీ. టప్, టప్, టప్. పధ్నాలుగు దాకా లెక్కపెట్టి వదిలేశాను. కాగితం తడిసి, నానిపోయి, నూగు లేచి చివరికి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి కింద నేల మీద ఆకుపచ్చ మరక చూసి అది నవ్విన నవ్వు!

"అక్కడ చాలు నాన్నా, ఇక్కడ పెట్టు" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ పధ్నాలుగు సార్లూ అది ఒక పని చేస్తోంది. నేను నొక్కితే పడుతుంది, నేను ఆపితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ అక్కడే పడుతుంది అని తేల్చుకుంటోంది. ఆ తేల్చుకోవడం అయ్యాక తనంతట తనే లేచి చెట్టు చుట్టూ తిరుగుతూ పెట్టింది. సగం చుక్కలు చెట్టు బయటే పడ్డాయి. అది కాగితం మీద వంగి అంతసేపు ఉండగా నేను అంతకుముందు చూడలేదు.

కాబట్టి రెండేళ్ల లోపు, రెండేళ్ల చుట్టుపక్కల పిల్లలకి నా మాట ఇదే. సున్నాలు వద్దు. పెద్ద ఆకారం ఒకటి ఇవ్వండి. చెట్టో, గంటో, మంచుమనిషో. రంగు ఒకటే ఇవ్వండి, మహా అయితే రెండు. అన్ని రంగులూ ఒకేసారి ముందు పెడితే పిల్లల చూపు కాగితం మీద ఉండదు, మూతలు తీయడం పెట్టడంలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. ఎరుపు మీద ఆకుపచ్చ పడితే మట్టి రంగు వస్తుంది, స్పాంజ్ కూడా పాడవుతుంది, అది గుర్తుంచుకుని ఇవ్వండి. కాగితం మామూలు ప్రింటర్ కాగితం కాకుండా కాస్త మందంది తీసుకోండి. నేల మీదో గోడకో అంటిస్తే ఇంకా మంచిది, భుజం మొత్తం కదులుతుంది. సున్నాలు కావాలని మీకు మరీ అనిపిస్తే మార్కర్ మూతికి రెండింతలు వెడల్పుగా గీయండి. పిల్లలకి తగలడానికి చోటుండాలి.

మూడున్నర, నాలుగేళ్లకి వస్తే కథ మారుతుంది. అప్పుడు సున్నాల షీట్లకి నిజంగా పని ఉంది, ముఖ్యంగా లెక్కకి. మా పెద్దాడు నాలుగేళ్లప్పుడు ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేవాడు. ఏడు వస్తువులు ముందు పెడితే మాత్రం వేలు నాలుగో దాని మీద ఉండగా నోరు ఆరు దగ్గరుండేది. 1978లో రోచెల్ గెల్మన్, చార్లెస్ గాలిస్టెల్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు లెక్కపెట్టడం వెనక అయిదు సూత్రాలున్నాయని వివరించారు. వాటిలో ఒకటి, ఒక్కో వస్తువుకి ఒక్కటే అంకె. అంకెలు ఎప్పుడూ ఒకే వరసలో రావాలన్నది ఇంకొకటి. ఆఖర్న పలికిన అంకే మొత్తం ఎన్నో చెప్తుందన్నది మరొకటి. మా వాడికి వరస వచ్చు, మిగతా రెండూ రాలేదు.

డాట్ మార్కర్ ఇక్కడ చేసే మేలు ఏంటంటే నోటికి కళ్ళెం వేస్తుంది. నొక్కాలి, ఎత్తాలి, పక్కకి జరపాలి. ఈ లోపు నోరు ఆగాల్సిందే. పాచిక వేసి, ఎన్ని పడితే చెట్టుకి అన్ని బంతులు పెట్టే ఆట ఆడాం. నాలుగు పడితే నాలుగు టప్‌లు. పెట్టిన గుర్తు అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టే గొడవ కూడా పోయింది. అయ్యాక "మొత్తం ఎన్ని పెట్టావు?" అని అడిగితే మొదట్లో మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. క్రిస్మస్ దగ్గరికొచ్చేసరికి ఒకరోజు తలెత్తకుండానే "నాలుగే కదా" అన్నాడు. ఆ "కదా" విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ అందమైన షీట్ చూసినా కలగలేదు. అక్షరాల ఆకారంలో సున్నాలు పేర్చిన షీట్లు కూడా ఉంటాయి, బాగానే ఉంటాయి, కానీ పిల్లలు అక్కడ సున్నాలనే చూస్తారు తప్ప అక్షరాన్ని పెద్దగా చూడరని నా అనుభవం.

ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ అంటూ మార్చి మార్చి పెట్టే వరసల గురించి ఒక మాట. క్రిస్మస్ షీట్లలో ఎక్కువగా ఇవే. ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగ్గా తెలియని పిల్లలుంటారు, ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో చాలా ఎక్కువ. అంత చిన్నవయసులో అది ఎవరికీ తెలిసి ఉండదు. పిల్లాడు వరస తప్పు పెడుతున్నాడని విసుక్కునే ముందు పసుపు, నీలం ఇచ్చి చూడండి. వాటితో వరస సరిగ్గా వస్తూ, ఎరుపు ఆకుపచ్చలతోనే మళ్ళీ మళ్ళీ తడబడుతుంటే కంటి డాక్టరుకి చూపించండి. పసుపు, నీలంతో క్రిస్మస్ రాదా ఏంటి? నీలం ఆకాశం, పసుపు చుక్క. మన భాషలో కాగితం మీద పెట్టేదీ చుక్కే, ఆకాశంలో మెరిసేదీ చుక్కే. యేసు పుట్టినప్పుడు తూర్పు దేశపు జ్ఞానులు వెంబడించి వచ్చింది ఆ ఆకాశపు చుక్కనే. నల్ల కాగితం మీద ఒక పెద్ద తెల్లటి అట్టముక్క నక్షత్రం అంటించి, దాని నిండా పసుపు టప్పులు పెట్టమనండి. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసార్లు చేసింది అదే.

బహుమతుల సంగతి. ప్రతి షీట్‌కీ ఒక స్టిక్కర్, శాంటా సర్టిఫికెట్ అంటూ మొదలైంది. దయచేసి ఆపండి. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మానసిక శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది. అందులో వాడినవి కూడా మార్కర్లే. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, కొన్నాళ్ళ తర్వాత అవే మార్కర్లు తరగతిలో ఊరికే పెట్టినప్పుడు, మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సమయమే వాటితో గడిపారు. అంతకుముందు వాళ్ళందరికీ బొమ్మలు వేయడం ఇష్టమే. టప్‌మన్న చప్పుడూ, పడిన చుక్కా పిల్లలకి ఎలాగూ చాలు. దాని మీద ఇంకో ఆశ ఎందుకు పెట్టడం?

ఎదురుచూడటానికి మాత్రం చుక్కలు భలే పనికొస్తాయి. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవారు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక బండి చక్రానికి 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించేవారట. పెద్దవి ఆదివారాలకి. ఈ ఏడాది మా ఇంట్లో కొవ్వొత్తుల బదులు చుక్కలు. అట్ట మీద పెద్ద చక్రం గీశాను, డిసెంబరు 1 నుంచి 24 దాకా రోజుకొక చుక్క, ఆదివారం రంగు వేరు. రోజుకి ఒక్కటే నొక్కి మూత పెట్టేయాలి. మూడేళ్ల పిల్లకి అది మామూలు విషయం కాదు, కానీ రేపు కూడా ఉంటుందని తెలిస్తే ఆగగలదని నా నమ్మకం.

జాగ్రత్తలు రెండు ముక్కల్లో చెప్తాను. మూతలు నోట్లో పట్టేంత చిన్నవైతే మూడేళ్ల లోపు పిల్లల దగ్గర అస్సలు ఉంచకండి, మీరే తీసి జేబులో వేసుకోండి. పెద్దల బింగో మార్కర్లు పిల్లలకి ఇవ్వకండి, వాటిలో చాలావాటి ఇంకు బట్టల మీంచి పోదు. పిల్లల కోసం తయారైనవి, కడిగితే పోయేవి, విషం కానివి అని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. ఏడాదిన్నర పిల్లలు స్పాంజ్ చీకి తీరతారు, కాబట్టి పక్కనే కూర్చోవాలి.

టీచర్లకి, ప్లే స్కూల్ నడిపేవాళ్ళకి ఒక్క విన్నపం. మూడు చుక్కలే పెట్టి లేచిపోయిందా, ఆ మూడు చుక్కల కాగితమే పంపండి. వెనకాల ఒక్క వాక్యం రాయండి చాలు, "మూడు పెట్టింది, నాలుగోది మార్కర్ మూతి చూస్తూ ఆగిపోయింది" అని. నేనైతే దాన్ని ఫ్రేమ్ కట్టిస్తాను. తల్లిదండ్రులూ, మీరు కూడా వెళ్ళి నోరు తెరిచి చెప్పండి, మాకు నీటుగా అక్కర్లేదు అని. మనం చెప్పకపోతే వాళ్ళకి తెలియదు.

పోయినేడాది కాగితాలు రెండూ దాచాను, స్కూల్ నుంచి వచ్చిన 21 చుక్కల చెట్టూ, నేల మీద చిల్లు పడిన చెట్టూ. నిన్న బీరువాలోంచి తీసి పక్కపక్కన పరిచాను, ఏం మాట్లాడలేదు. చిన్నది మొదటిదాన్ని దాటుకుని వెళ్ళి రెండోది ఎత్తింది. చిల్లులోంచి వేలు దూర్చి అటూ ఇటూ ఆడించింది. తర్వాత దాన్ని నా చేతికిచ్చి "అమ్మా, ఇది గోడకి పెట్టు" అంది. పెట్టాను.