నేరం ఆవిరిది కాదు

మహారాష్ట్రలో బొగ్గుతో నడిచే చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కగా వెళ్లే వారికి ముందుగా కనిపించేది తెల్లటి మేఘం. కూలింగ్ టవర్ల వెడల్పాటి నోళ్ల నుంచి లేచి, కాస్త పైకి పోగానే గాలిలో కలిసిపోతుంది. అది ఉత్త నీరే. పక్కనే ఎత్తుగా నిలిచిన చిమ్నీల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం కంటికి ఆనదు.

ఆ చుట్టుపక్కల రాజూరా, బల్లార్షా ఊళ్ల తెలుగు ఇళ్లలో ఎండల ప్రస్తావన వస్తే ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: భూమిని ఎక్కువగా వేడెక్కించేది నీటి ఆవిరే అయినప్పుడు బొగ్గును తప్పుపట్టడం దేనికి? అడిగేవారిలో బొగ్గు గనుల మీద బతికేవారూ ఉన్నారు. వారికి సూటిగా జవాబు చెప్పాలి.

వేడిని పట్టి ఉంచే వాయువుల్లో పెద్ద వాటా ఆవిరిదే. ఆ మాట నిజం. కానీ గాలిలో ఎంత ఆవిరి నిలవాలో తేల్చేది ఆ గాలి వేడి. ఒక డిగ్రీ పెరిగితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పడుతుంది. అంతకు మించినది పది రోజుల్లోపే వానగానో మంచుగానో దిగిపోతుంది. అందుకే టవర్లు ఎంత ఊదినా భూగోళం లెక్క మారదు. కార్బన్ డయాక్సైడ్ అలా కురిసిపోదు. అందులో కొంత వందల, వేల ఏళ్లు అక్కడే ఉంటుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్నది ఇప్పుడు 420 దాటింది. ముందు అది గాలిని వేడెక్కిస్తుంది, వేడెక్కిన గాలి మరింత ఆవిరిని నింపుకుంటుంది, ఆ ఆవిరి అలా పెరిగిన వేడిని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హేనియస్ 1896లోనే ఈ గొలుసును లెక్కలోకి తీసుకున్నాడు. ఆవిరి నిప్పు రాజేయదు, రాజుకున్న దాన్ని ఎగదోస్తుంది.

2022 జూలైలో ప్రాణహిత, గోదావరి పొంగి పక్కనున్న గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా ఊళ్లను ముంచాయి. ఆ ఒక్క వరదను భూమి వేడెక్కడానికే అంటగట్టలేం. అయితే ఆవిరి నిండిన గాలి కుండపోతలకు బలమిస్తుందన్నది తేలిన విషయం. ఇక మే నెలలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్‌లో డాబా మీద నీళ్లు చల్లుకొని, తడి దుప్పటి కప్పుకొని పడుకునే పిల్లల అవస్థ మా కళ్ల ముందే ఉంది.

2,920 మెగావాట్ల ఆ కేంద్రాన్ని రేపే ఆపమని మేం అడగడం లేదు. ఏ యూనిట్‌ను ఏ ఏడాది మూస్తారో, ఈలోగా గని కార్మికుల కుటుంబాలకు ఏ పని చూపుతారో మహారాష్ట్ర ప్రభుత్వం మరాఠీతో పాటు తెలుగులోనూ రాసి ఈ జిల్లాల ప్రజల ముందు పెట్టాలి.