బ్లింకర్ దగ్గర బ్రేక్ వేయడం ఎవరు నేర్పుతున్నారు?

కోనసీమలో గానీ, భీమవరం–పాలకొల్లు వైపు గానీ కొత్తగా బండి నేర్చుకునే కుర్రాళ్లకు ఎరుపు, పసుపు, పచ్చ లైట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్ష కోసం అవన్నీ బట్టీ పట్టేస్తారు. కానీ వాళ్లు రోజూ తిరిగే దారుల్లో మూడు లైట్ల స్తంభాలు ఎన్ని ఉన్నాయి? వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఊరి రోడ్డు హైవేలో కలిసేచోట వెలిగి ఆరుతూ ఉండే ఒంటి పసుపు లైటు, అంటే బ్లింకర్. దాని అర్థమేమిటని అడిగితే 'అదేం సిగ్నల్ కాదండీ, వెళ్లిపోవచ్చు' అనేవాళ్లే ఎక్కువ. డెల్టా రోడ్ల మీద ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ నాకు కనిపించలేదు.

పసుపు లైటు వెలిగి ఆరుతుంటే వేగం తగ్గించి, అన్ని వైపులా చూసుకుని వెళ్లాలి. ఎర్ర లైటు అలా వెలిగి ఆరుతుంటే పూర్తిగా ఆగి, రోడ్డు ఖాళీ అయ్యాకే కదలాలి. ఆరకుండా వెలిగే పసుపు వేరు. గీత దగ్గర ఆగమని దానర్థం, సురక్షితంగా ఆగలేనంత దగ్గరికి వచ్చేస్తే తప్ప. మనవాళ్లు పసుపు పడగానే ఎక్సలేటర్ పెంచుతారు, సరిగ్గా దానికి వ్యతిరేకంగా.

మామూలు సిగ్నల్ ఎవరు ముందు వెళ్లాలో తానే చెబుతుంది. బ్లింకర్ చెప్పదు. ఆ నిర్ణయం డ్రైవర్‌దే. మెయిన్ రోడ్డు మీద వచ్చే బండికి దారి ఇవ్వాలి, రెండూ ఒకే స్థాయి రోడ్లయితే కుడివైపు నుంచి వచ్చేవారిది ముందు. 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్నదే ఇది. పెద్ద బండికే దారి అన్నది మన రోడ్ల మీది అలవాటు తప్ప చట్టం కాదు.

కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారిలోకి ఒక కాలువ గట్టు రోడ్డు కలుస్తోందనుకోండి. మూల మీద బడ్డీ కొట్టు, దాని పక్కన ఆపిన ఐస్ లారీ, వెనక కొబ్బరి చెట్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే రొయ్యల లారీ సెకనుకు 22 మీటర్లు దూసుకొస్తుంది. ఆగిన స్కూటీ కదిలి రోడ్డు దాటడానికి అయిదు సెకన్లు పట్టిందంటే, ఈలోగా ఆ లారీ 110 మీటర్లు వచ్చేస్తుంది. అంటే అంత దూరం ఖాళీగా కనిపిస్తే తప్ప కదలకూడదు. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మంచు పట్టినప్పుడు అందులో సగం దూరం కూడా కనపడదు. కొత్తగా నేర్చుకునేవాడికి ఈ లెక్క ఎవరు చెబుతున్నారు?

రైల్వే గేటు దగ్గర మరో రకం తొందర. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లను 2019 జనవరికల్లా తీసేశారు. మెదక్ జిల్లా మాసాయిపేటలో 2014లో స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది అలాంటి చోటే. ఇప్పుడు గేట్‌మన్ ఉన్నాడు కదా అన్న ధీమా వచ్చింది. హూటర్ మోగి, ఎర్ర లైటు వెలిగి, గేటు కిందికి దిగుతుంటే తల వంచి దూరిపోయే బైకులను రోజూ చూస్తున్నాం. విజయవాడ–భీమవరం–నిడదవోలు మార్గం డబుల్ లైన్ అయ్యాక ఇది ఇంకా ప్రమాదం. ఒక రైలు వెళ్లిపోయిందని పట్టాల మీదికి వస్తే, దాని చాటున రెండో లైనులో వచ్చే రైలు కనపడదు. అందుకే గేటు పూర్తిగా లేచేదాకా ఆగాలి.

తప్పంతా నేర్చుకునేవారిదే అనను. నేను చూసిన చాలా చోట్ల బ్లింకర్ హైవే వైపే తిరిగి ఉంటుంది, గట్టు మీంచి వచ్చేవాడికి దాని వెనక భాగమే కనిపిస్తుంది. నిజానికి ఆగాల్సింది అతనే. ఊరి రోడ్డు వైపు ఎర్ర బ్లింకర్, దాని ముందు స్పీడ్ బ్రేకర్, రోడ్డు మీద తెల్ల గీత ఉండాలి. మూల మలుపులో లారీలు ఆపనివ్వకూడదు. డ్రైవింగ్ స్కూళ్లు కూడా ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పించి సరిపెట్టకుండా, చీకటి పడ్డాక శిష్యుణ్ని ఇలాంటి కూడలికి తీసుకెళ్లి ఆగడం, చూడడం, కదలడం చేయించాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక లైసెన్సు టెస్టుకు ఎలాగూ 30 రోజులు ఆగాలి. అందులో ఒక్క సాయంత్రం చాలు.