పేగు గోడకు కణాల పొర సాక్ష్యం చాలునా?

వివాదాంశం: జనరిక్ మాత్రను మనుషులకు మింగించి రక్తపరీక్షలు చేయకుండా, ప్రయోగశాలలో పెంచిన కాకో-2 కణాల పొర చెప్పినదాన్ని ఆధారం చేసుకుని అనుమతించవచ్చునా?

వాది: అనుమతించవచ్చుననే నా వాదన. పెద్దపేగు క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చిన ఈ కణాలను సన్నని రంధ్రాల పొర మీద మూడు వారాలు పెంచితే, చిన్నపేగు కణాల మాదిరిగానే పైభాగాన మైక్రోవిల్లై అనే సన్నని వేళ్లలాంటి మొనలు మొలిచి, కణానికీ కణానికీ మధ్య సందులు బిగుసుకుంటాయి. ఆ బిగువును విద్యుత్ నిరోధంతో కొలిచి, సరిపోయిందని తేలాకే మందును పై అరలో పోసి, కింది అరలోకి ఎంత దిగిందో లెక్కగడతారు. ఇంత పరీక్షించిన సాధనం చేతిలో ఉండగా, ఆరోగ్యవంతులకు అవసరం లేని మందు మింగించి, సూదులు గుచ్చి పదేపదే రక్తం తీయడం నాకు సమ్మతం కాదు.

ప్రతివాది: వలంటీర్ల గురించి మీ ఆవేదన నాది కూడా. అయితే మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ సంగతి చూడండి. ఈ పొర గుండా అది చాలా స్వల్పంగా దిగుతుంది, మనిషిలో మాత్రం మింగిన మోతాదులో దాదాపు సగం రక్తంలోకి చేరుతుంది. పెద్దపేగు సంతతి కాబట్టి ఈ కణాల సందులు చిన్నపేగులో కంటే ఇరుకు. పైన జిగురు పొర లేదు.

వాది: ఆ లోపాలు నిజమే, కానీ పొరపాటు ఎటు మొగ్గుతోందో గమనించండి. 1995లో ఆమిడాన్ బృందం కరిగే గుణాన్నీ గోడ దాటే గుణాన్నీ బట్టి మందులను నాలుగు తరగతులు చేసింది. బాగా కరిగే మందు బాగానే ఇంకుతున్నా, ఇంకడం లేదని పొర చూపిస్తే అది మూడో తరగతిలోకి చేరి మరింత కఠినమైన షరతులకు లోబడుతుంది. రోగికి నష్టం లేదు. పేగు కణాల్లో ఉండే పి-గ్లైకోప్రోటీన్ వంటి ప్రోటీన్ పంపు మందును వెనక్కి నెడుతోందా అన్నది రెండు దిశల్లోనూ కొలిచి తేలుస్తారు. పంపుల ప్రమేయం లేకుండా తనంతట తాను వ్యాపించే మందులకే ఈ సాక్ష్యం చెల్లుతుందని ఔషధ నియంత్రణ ప్రమాణాలను దేశాల మధ్య సమన్వయపరిచే ఐసీహెచ్ సంస్థ 2019 నాటి ఎం9 మార్గదర్శకం పరిమితి కూడా పెట్టింది.

ప్రతివాది: నా అసలు భయం మందు గురించి కాదు, దానితో కలిపే పదార్థాల గురించి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే రానిటిడిన్ మందు ద్రావణంలో చక్కెరకు బదులు సార్బిటాల్ అనే తీపి పదార్థం కలిపి ఇచ్చినప్పుడు మనుషుల్లో దాని శోషణ బాగా పడిపోయింది. సులువుగా గోడ దాటే రక్తపోటు మందు మెటోప్రొలాల్‌కు అదే సార్బిటాల్ వల్ల పెద్దగా తేడా రాలేదు. పూర్తిగా ఇంకని సార్బిటాల్ పేగులోకి నీటిని లాగి, లోపలున్నదాన్ని వేగంగా ముందుకు తోసేస్తుంది. నిదానంగా గోడ దాటే రానిటిడిన్‌కు ఆ వ్యవధి చాలదు. కదలిక లేని పొర మీద ఇది ఎలా కనబడుతుంది?

వాది: కనబడదు. అందుకే మూడో తరగతి మాత్రల్లో కలిపే పదార్థాలు, జనరిక్‌ను పోల్చి చూసే అసలు బ్రాండు మాత్రలోనివే అయి ఉండాలనీ, వాటి పాళ్లు కూడా చాలా దగ్గరగా ఉండాలనీ, 15 నిమిషాల్లో 85 శాతం మందు కరగాలనీ ఎం9 పట్టుబట్టింది.

ప్రతివాది: ఆ షరతు నిలిచినంతవరకు ఒప్పుకుంటాను. చిన్నపేగును ఏడు గదులుగా విభజించి, మూడు గంటల పైచిలుకు సగటు ప్రయాణ కాలాన్ని లెక్కలోకి తీసుకునే కంప్యూటర్ నమూనా ఉంది కాబట్టి ఇక పదార్థాలు మార్చినా ఫరవాలేదని ఎవరైనా వస్తే మాత్రం, సార్బిటాల్ కలిపిన మాత్రకు మనుషుల రక్తంలో కొలిచిన ఫలితాలు చూపమనే అడుగుతాను.