"కాలమే మందు" ఫార్వర్డ్‌కి నా జవాబు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిన మెసేజ్: "ట్రామా అనేది యుద్ధానికెళ్లినవాళ్ల జబ్బు. మనకి కాలమే మందు. జరిగింది గుర్తు చేయకండి. నిద్ర మాత్ర చాలు, పిచ్చాసుపత్రి దాకా పోనక్కర్లేదు."

యుద్ధం సంగతి సగమే నిజం. 1980లో పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత మనసుని వదలని భయం, ఒత్తిడి జబ్బు) అన్న పేరు అమెరికా మానసిక వైద్యుల పట్టికకెక్కడానికి వియత్నాం సైనికులు ఒక కారణం. కానీ అత్యాచారం, ప్రమాదాలు, ప్రకృతి విపత్తులు అప్పుడే అందులో ఉన్నాయి. 2014లో విశాఖలో హుద్‌హుద్ తుఫాను గాలి విన్నవాళ్లకి ఇది ఒకరు చెప్పాలా!

కాలమే మందు అన్నది చాలామంది విషయంలో నిజమే, ఒప్పుకుంటాను. లక్షణాలు నెల దాటితేగానీ ఈ జబ్బు పేరు పెట్టనిది అందుకే. అయితే పరిశోధకుడు కెస్లర్ బృందం 1995లో ప్రచురించిన అమెరికా సర్వేలో, జబ్బు పడ్డవాళ్లలో మూడోవంతుకు పైగా ఏళ్లు గడిచినా తేరుకోలేదు.

ఇక "గుర్తు చేయకండి". గోపాలపట్నం వైపు ఉండే మా పిన్ని 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనప్పుడు చీకట్లో పరిగెత్తిన మనిషి. ఇప్పటికీ చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టుకుని పడుకుంటుంది. తలగడ పక్కన ఆధార్ కార్డున్న సంచి, ఓ తడి తువ్వాలు. ఇంట్లో ఎవరూ ఆ రాత్రి మాటెత్తరు. అంటే ఈ సలహాని ఏళ్లుగా పాటిస్తూనే ఉన్నారు!

తప్పించుకు తిరిగితే భయం తగ్గదు, పాతుకుపోతుంది. మానసిక శాస్త్రవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన చికిత్స దీనికి సరిగ్గా ఎదురుగా పనిచేస్తుంది. థెరపిస్టు ముందు, జరిగినదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పిస్తారు. ఆ రికార్డింగు ఇంట్లో రోజూ వినమంటారు. మామూలుగా 8 నుంచి 15 సిట్టింగులు. మొదట్లో గుండె దడదడలాడుతుంది. వినగా వినగా అది జ్ఞాపకమే, ప్రమాదం కాదని మనసుకి తెలిసొస్తుంది.

అలాగని ప్రమాదం జరిగిన రోజే మనిషిని కూర్చోబెట్టి అంతా కక్కించమని కాదు. అలాంటి ఒక్క సిట్టింగు కౌన్సెలింగ్ ఈ జబ్బుని ఆపలేదని పరిశోధనల్లో తేలింది. ఆసుపత్రి గుమ్మంలో "ఆ క్షణం మీకేమనిపించింది?" అని మైకు పెట్టేవాళ్ల సంగతి వేరే చెప్పాలా.

నిద్ర మాత్రలా? ఘటన జరిగిన మొదటి నెలలో ఒత్తిడి లక్షణాలకి బెంజోడయాజెపైన్లు (నిద్రకీ ఆందోళనకీ వాడే మత్తు మాత్రలు) ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మందులున్నాయి, కానీ అవి డాక్టరు రాయాలి, మెడికల్ షాపు అబ్బాయి కాదు.

"చినవాల్తేరు పంపాలి" అన్నది మనూళ్లో వెక్కిరింత. అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో కూర్చునేదీ డాక్టర్లే. గేటు దాటడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.