"అన్నీ కాపీ చేశానన్నా" అట!

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది, అచ్చుతప్పులుంటే సర్దుకుపోండి.

మనవాడొకడు పాత 386 మెషిన్ సంపాదించాడు. ఆ పాత కంప్యూటర్‌ని లేపడానికి దాంతోపాటు వచ్చిన బూట్ ఫ్లాపీ ఒకే ఒక్కటి. వారం కిందటే చిలక్కి చెప్పినట్టు చెప్పాను: "ముందు డిస్క్ ఇమేజ్, అంటే ఫైళ్లే కాదు, మొత్తం డిస్క్‌కి అచ్చు నకలు, తియ్యి, ఆ తర్వాతే ఏ ప్రయోగమైనా." "అలాగే అన్నా" అన్నాడు. ఇవాళ "బ్యాకప్ రిస్టోర్ చేస్తే బూట్ కావట్లేదన్నా" అంటూ ఓ జిప్ ఫైల్ పంపాడు. తెరిస్తే కమాండ్.కామ్, కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్, ఇంకో నాలుగు ఫైళ్లు. మౌస్‌తో లాగి ఫోల్డర్‌లో పడేశాడు. దానికి బ్యాకప్ అని పేరు!

ఐఓ.సిస్ ఏది నాయనా? ఎంఎస్‌డాస్.సిస్ ఏది? డాస్, అంటే ఆ మెషిన్ ఆపరేటింగ్ సిస్టమ్, లేవాలంటే ఆ రెండూ ఉండాలి కదా! "అవి కనపడలేదన్నా." హిడెన్ ఫైళ్లు కనపడవు, అందుకే కదా ఆ పేరు! పోనీ అవి తెచ్చి పడేసినా ఒరిగేదేమీ లేదు. బూట్ సెక్టర్ అసలు ఫైలే కాదు. డిస్క్ మొట్టమొదటి 512 బైట్లు అది. మెషిన్ ముందు దాన్ని చదివితే, అది వెళ్లి ఐఓ.సిస్‌ని వెతుకుతుంది. పాత డాస్‌లైతే మరీ పట్టుదల: ఐఓ.సిస్ పేరు డైరెక్టరీలో మొదటే ఉండాలి, లేకపోతే మొహం చూడవు.

చేయాల్సిందల్లా లినక్స్‌లో డీడీ అనే రెండక్షరాల కమాండు. డ్రైవ్ కిర్రుకిర్రుమంటూ 80 ట్రాకులు, రెండు వైపులా, ట్రాకుకి 18 సెక్టర్లు చదువుకుంటూ పోయి సరిగ్గా 14,74,560 బైట్ల ఫైల్ చేతిలో పెడుతుంది. రెండు నిమిషాల పని. కానీ మనవాళ్లకి మౌస్ పట్టుకుంటేనే తృప్తి.

అన్నట్టు, మొన్న ఇంకొకాయన అమిగా అనే పాత కంప్యూటర్ డిస్కులకి మామూలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొనమని ఎవరికో సలహా ఇస్తున్నాడు. అమిగాది 880 కేబీ, ట్రాకుకి 11 సెక్టర్లు, రాసే తీరే వేరు. గ్రీజ్‌వీజల్ లాంటి బోర్డు పెట్టి ఫ్లక్స్, అంటే డిస్క్ మీది అయస్కాంత మార్పుల్నే నేరుగా, చదివితే తప్ప మన పీసీలోకి రాదు. తెలియనప్పుడు ఊరుకుంటే ఏం పోతుంది?

సరే, అసలు కథకొస్తే, "ఒరిజినల్ ఉందిగా, పట్టుకురా, నేనే ఇమేజ్ తీస్తా" అన్నాను. అవతల చప్పుడు లేదు. "అదే ఫార్మాట్ చేశానన్నా... రిస్టోర్ చేద్దామంటే ఖాళీ ఫ్లాపీ లేదు కదా."

బ్యాకప్ ఎక్కించడానికి ఒరిజినల్‌నే తుడిచేశాడండీ! క్విక్ ఫార్మాటేనా అని ఆశగా అడిగాను, అదైతే డేటా భాగం మిగిలుంటుంది, తవ్వి తీయొచ్చు. "లేదన్నా, నీట్‌గా ఉంటుందని ఫుల్ ఫార్మాట్ కొట్టా." నీట్‌గానే ఉంది నాయనా. అద్దంలా ఉంది.

3.5 అంగుళాల ఫ్లాపీ మూలన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. గోటితో జరిపితే కన్నం తెరుచుకుంటుంది, ఇక ఎవడూ దాని మీద రాయలేడు. 5.25 అంగుళాల డిస్కులకి ఉల్టా, గాటు మూస్తేనే రక్షణ. నేనూ మొదట్లో తికమకపడ్డవాణ్ణే, ఒప్పుకుంటాను. కానీ ఆ ముక్క జరపడానికి ఎవరికీ చెయ్యి రాదే! మా పెద్దన్నయ్యకీ రాలేదు.

1998లో నా బూట్ డిస్క్ "ఒక్క పూట" అని పట్టుకెళ్లాడు. రక్షణ తీసేసి విండోస్ 95 మెషిన్‌లో పెట్టాడు. ఆ విండోస్‌కి ఓ జబ్బు, ఊరికే డిస్క్ చూసినా బూట్ సెక్టర్‌లో ఓఈఎం పేరు (ఫార్మాట్ చేసిన సిస్టమ్ గుర్తు) మీద తన రాత రాసుకునేది. అది చాలదన్నట్టు ఈయన రెజ్యూమె కూడా సేవ్ చేశాడు. చోటు చాలలేదని, డాస్‌లో మెమరీ సంగతి చూసుకునే హైమెమ్.సిస్ ఫైల్ పీకేశాడు. ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆ డిస్క్ ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది. లేబుల్ మీద నా చేతిరాతలో "బూట్ డిస్క్ - చెరపొద్దు". దాని కింద పెన్సిల్‌తో ఆయన రాత: "రెజ్యూమె, ఫైనల్ 2".