ఐఎస్‌ఎన్ చేసిన ఒకే ఒక్క పొరపాటు

'బాబిలాన్ 5' ధారావాహికలో భూమి మీది వార్తలను నక్షత్రాల దాకా నిర్విరామంగా మోసుకుపోయే ఐఎస్‌ఎన్ ఛానల్‌ను ప్రభుత్వ బాకా అని తిట్టిపోసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 23వ శతాబ్దపు ఆ కథలో ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి పోవాలంటే హైపర్‌స్పేస్ అనే అడ్డదారి కావాలి, అందులోకి దూరడానికి జంప్‌గేట్ లాంటి ద్వారం కావాలి. ఇంటర్వ్యూను కత్తిరించి అతికించడానికి మాత్రం కొత్తగా ఏదీ కనిపెట్టవలసిన అవసరం రాలేదు. శాస్త్రజ్ఞులెవరూ వంక పెట్టలేనిది ఆ విశ్వం మొత్తంలో ఈ ఛానలొక్కటే.

దాని పనితనం తెలియాలంటే, గంటసేపూ ఐఎస్‌ఎన్ కార్యక్రమంగానే సాగే, 1995లో ప్రసారమైన భాగాన్ని చూడాలి. కథ నడిచే బాబిలాన్ 5 అనే అంతరిక్ష కేంద్రం బయట నార్న్‌లూ సెంటారీలూ అనే రెండు గ్రహాంతర జాతులవారు కొట్టుకుంటూ ఉంటారు. లోపల విలేకరి, సగం మనిషి రూపం దాల్చిన, మిన్బారీ అనే మరో గ్రహాంతర జాతి రాయబారి డెలెన్ ఎదుట కూర్చుని, మీ వాళ్లతో జరిగిన యుద్ధంలో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు మిమ్మల్ని ఈ రూపంలో చూసి ఏమనుకోవాలని ఎంతో మర్యాదగా అడుగుతుంది. డెలెన్ కంట నీరు తిరుగుతుంది; విలేకరి వచ్చిన పని పూర్తయింది. మధ్యలో మనసులు చదివేవారి సంస్థ సై కార్ప్స్ ప్రకటన వస్తుంది. అందులో ఆ సంస్థను నమ్మమనే ఒక వాక్యం రెప్పపాటులో మెరిసి మాయమవుతుంది. ప్రేక్షకుడికి చదివే శ్రమ కూడా లేకుండా చేసిన ఇలాంటి ఛానల్ ఎక్కడుంది?

అంతటి ఛానల్ 1996లో ప్రసారమైన భాగాల్లో కాలు జారింది. భూమి అధ్యక్షుడు క్లార్క్ సైనిక శాసనం విధించిన రోజుల్లో, చెప్పవద్దన్న సంగతులను, అంటే అంగారకుడిపై పౌరుల మీద బాంబులు పడటమూ వలస గ్రహాలు విడిపోవడమూ వంటివాటిని, ఐఎస్‌ఎన్ ప్రత్యక్ష ప్రసారంలో బయటపెట్టేసింది. స్టూడియోలో పేలుళ్లు వినిపించాయి, తెర మూగబోయింది. వార్తా ఛానల్ వార్తలు చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందో యాజమాన్యాలకు ఇంతకంటే వివరంగా ఎవరు చెప్పగలరు?

అదృష్టవశాత్తూ 1997 నాటి భాగాలకల్లా మరమ్మతు పూర్తయి, ఛానల్ ప్రభుత్వం చేతిలో మళ్లీ మొదలైంది. ఛాయాజీవులనే శత్రు జాతి మెదళ్లలో యంత్రాలు దూర్చిన టెలిపాత్‌లను, అంటే మనసులు చదివేవారిని, కాపాడటానికి కేంద్రం వైద్యుడు శీతల పేటికల్లో భద్రపరిస్తే, కొత్త ఐఎస్‌ఎన్ అవే పేటికలను మనుషులపై జరుగుతున్న రహస్య ప్రయోగాలకు సాక్ష్యంగా చూపించింది. కేంద్రం అధిపతి కెప్టెన్ షెరిడన్ గ్రహాంతరవాసుల పక్షాన ఎందుకు నిలిచాడో చెప్పడానికి ఒక మానసిక నిపుణుల వారిని పిలిచి, ఆ ప్రవర్తనకు ఒక జబ్బు పేరు కూడా పెట్టించింది. మన చర్చా కార్యక్రమాల్లోనైతే ఆ నిపుణుల వారిని తొమ్మిది కిటికీల్లో ఒకదానిలో ఇరికించి నోరు మెదపనిచ్చేవారు కారు. ఐఎస్‌ఎన్ మాత్రం ఆ అబద్ధాన్ని సావకాశంగా చెప్పనిచ్చింది. సంస్కారమంటే అది.

దీనికి పోటీగా కేంద్రం వాళ్లు పెట్టుకున్న 'వాయిస్ ఆఫ్ ది రెసిస్టెన్స్'లో కేంద్రం అధికారిణి ఇవనోవా కెమెరా ముందు నిలబడి ఉన్నదున్నట్టు చదివేస్తుంది. దాన్ని ఛానల్ అనడానికి నాకు మనసొప్పదు. క్లార్క్ పోయాక ఐఎస్‌ఎన్‌లో పాత యాంకర్ మళ్లీ అదే కుర్చీలో కనిపించింది. ఆనాటి పొరపాటుకు ఆమె నుంచి సంజాయిషీ అయినా అడిగారా అన్నది మాత్రం ఏ బులెటిన్‌లోనూ రాలేదు.